పడుకోబెట్టిన పలకలు

మా ఊళ్ళో దుంగకి మొదలూ కొసా ఉంటాయి గానీ పైనా కిందా ఉండవు. ఇల్లు కట్టాలంటే అడవికి వెళ్ళి గుండ్రటి వాసాలు తెస్తారు. మొదలు ఎటుండాలి, కొస ఎటుండాలి అని పెద్దవాళ్ళు తెగ వాదించుకుంటారు. మొదలు ఎగువకి ఉంటేనే ఇంటికి మంచిదంటారు. కాదన్నవాడి మీద ఒంటికాలి మీద లేస్తారు. అంతేగానీ ఏ వైపు పైకి పెట్టాలి అన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు. గుండ్రటి కర్రని ఎటు దొర్లించినా ఒకటే కదా, ఆ మాట ఎందుకు వస్తుంది? పుట్టినప్పటి నుంచీ వెదురూ వాసాలూ దుంగలూ పట్టుకున్న చేతులు మావి. అలాంటి చేతుల్లోకి ఒక ఎండాకాలం రంపంతో కోసిన పలకలు వచ్చాయి.

నా నోరు మంచిది కాదని ఊరంతా అంటుంది. అననీ. అంగన్‌వాడీలో పిల్లలకి అంబలి పోసే పని నాది, నోరు లేకపోతే ఆ పిల్లకాయలు నా నెత్తికెక్కి తొక్కుతారు. మా మామగారిని నేను మావా అంటాను. ఆయనకి నా నోరు పడదు, నాకు ఆయన మొండితనం పడదు. మా ఇద్దరి మధ్యా నలిగిపోయేవాడు మా బావ, అంటే నా మొగుడు. ఇద్దరం అరుచుకుంటుంటే మధ్యలో కూర్చుని చోడి అంబలి తాగుతూ, "ఇద్దరూ గట్టిగానే అరిసినారు, ఇంక సల్లబడండి" అనేవాడు. అంతటితో మాకు నవ్వొచ్చేసేది, మళ్ళీ పనుల్లో పడిపోయేవాళ్ళం.

మావ కావిడి బద్దలు చెక్కడంలో దిట్ట. చుట్టుపక్కల కొండల మీది నుంచి కూడా ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు. ముదిరిన వెదురు చూసి కొట్టి, చీల్చి, మధ్యలో మందం ఉంచి, చివర్లకి పోనుపోనూ పల్చగా చెక్కేవాడు. కావిడి బద్ద ఎప్పుడూ భుజం మీద పడుకునే ఉండాలి. వెడల్పు వైపు భుజానికి ఆనాలి. రెండు కొసలకీ బరువు వేలాడదీసి నడుస్తుంటే అడుగుతో పాటు బద్ద కిందికీ పైకీ ఊగాలి. ఊగే బద్ద బరువుని ఎత్తి దించుతూ ఉంటుంది, మోసేవాడికి హాయి. ఊగని బద్ద భుజాన్ని కోసేస్తుంది. అందుకని వంగే కర్ర మా వాళ్ళకి మంచి కర్ర. బద్ద చెక్కడం అవగానే మావ దాని మీద బరువేసి చూసి, అది వంగి మళ్ళీ లేస్తే, మీసం కింద ఒక నవ్వు నవ్వేవాడు. ఆ నవ్వు కోసమే కొందరు ఆయన చేత బద్ద చెక్కించుకునేవారని బావ అనేవాడు.

మా ఊరికీ జీపు రోడ్డుకీ మధ్యన ఒక గెడ్డ, అంటే కొండవాగు, ఉంది. ఎండాకాలంలో అడుగు తడవకుండా దాటొచ్చు. వానలు పడ్డాయంటే అది గెడ్డలా ఉండదు, ఊరిని మింగడానికి వచ్చినట్టు ఉంటుంది. దాని మీద రెండు పెద్ద దుంగలు పక్కపక్కన వేసి ఉండేవి. గుండ్రటి దుంగల మీద, అదీ పాకుడు పట్టాక, నడవడమంటే మామూలు విషయం కాదు. కాఫీ మూటలతో జారి పడ్డవాళ్ళున్నారు, నేనూ ఒకసారి కోడిగుడ్ల ట్రేతో పడ్డాను. అయినా ఆ దుంగలు ఎప్పుడూ వంగలేదు. వంగని వాటి గొప్ప ఎవరికీ పట్టలేదు, జారుతున్నాయన్న తిట్లే పట్టాయి. ఆ ముందటేడు వరదకి రెండూ కొట్టుకుపోయాయి.

అప్పుడు ఊరంతా కూర్చుని, ఈసారి జారని వంతెన వేద్దామనుకున్నారు. కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్లు మాకు కావలసినన్ని. ఒకటి కొట్టి, చింతపల్లి వైపు నుంచి మోటారు రంపం తెప్పించి కోయించారు. అడుగు వెడల్పు, రెండంగుళాల మందం, గెడ్డ దాటేంత పొడుగు. అలాంటివి మూడు పలకలు. కోసిన పలక ఎంత నున్నగా ఉందో! ఆడవాళ్ళమంతా చేతులతో తడిమి చూశాం. వాటిని మోసుకెళ్ళి రెండు ఒడ్డుల మీది రాళ్ళగుట్టల మీద పక్కపక్కన పడుకోబెట్టారు. మొదలు ఏ ఒడ్డున ఉండాలన్న దాని మీద మాత్రం మామూలుగానే పెద్ద గొడవ జరిగింది. మావే గెలిచాడు. ఏ వైపు పైకి అన్నది ఎవరికీ తట్టలేదు. పలకని చూస్తే ఎవరికైనా పడుకోబెట్టాలనే అనిపిస్తుంది. పడుకోబెడితేనే దొర్లిపోకుండా ఉంటుంది, కాలు పెట్టడానికి చోటుంటుంది, ఇద్దరు పక్కపక్కన నడవొచ్చు.

నడిస్తే వంగేవి. మధ్యకి వెళ్ళేసరికి పలక కిందికి దిగేది, దాటుతుంటే పైకి లేచేది. బావకి అది ఆటైపోయింది. సంత నుంచి వస్తూ నన్ను మధ్యలో ఆపి, తను ఎగిరి గంతేసేవాడు.

"సూడే, ఉయ్యాల! నీకు ఉయ్యాల కట్టనేదని మీ అమ్మ సాధించినాది గదా."

"ఓలమ్మో! పడిపోతాను, ఆపుతావా నేదా? సచ్చినోడా!" అని నేను కేకలు వేసేదాన్ని. ఒడ్డున కూర్చున్న మావ అది చూసి మురిసిపోయేవాడు. "వొంగుతన్నాది గదా, మంచి కర్ర. వొంగే కర్ర ఇరగదు" అని అందరికీ చెప్పేవాడు. ఆయన భుజం నేర్పిన చదువు అది. ఒక మనిషి, ఒక మూట, మహా అయితే ఒక మేక. వాటికి ఆ పలకలు సరిపోయాయి కూడా.

వానలు మొదలయ్యాక కాఫీ తోటల్లో నీడ చెట్ల కొమ్మలు కొడతారు. కాఫీ మొక్కలకి కాస్త వెలుతురు తగలాలి కదా. ఆ రోజు పొద్దున్న వాన తెరిపిచ్చింది. బావ నడుముకి కత్తి చెక్కుకుని సిల్వర్ ఓక్ ఎక్కాడు. తడిసిన బెరడు, ఎక్కొద్దంటే వినడు. నేను కింద కొట్టిన కొమ్మలు ఏరి కట్ట కడుతున్నాను. పైనుంచి ఏదో పాట లాంటిది కూనిరాగం తీస్తున్నాడు. పాట ఆగింది. తలెత్తి చూసేలోగా కొమ్మా మనిషీ కలిసి కిందికి వచ్చేశారు. పాత చెట్టు నరికిన మొద్దు ఒకటి నేలకి జానెడెత్తు ఉంది, దాని మీద అడ్డంగా, నడుం ఆనేలా పడ్డాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పరిగెత్తి వెళ్తే కళ్ళు తెరిచే ఉన్నాడు. ముఖం మాత్రం బూడిద రంగుకి తిరిగింది. "నడుం... నడుమే" అన్నాడు. లేపబోయాను. అతను పెట్టిన కేకకి నా చేతులు వాటంతటవే వెనక్కి వచ్చేశాయి. నేను అరిచిన అరుపుకి తోటల్లో ఉన్నవాళ్ళంతా వచ్చారు, మావ కూడా వచ్చాడు. కొడుకుని అలా చూసి ఆయన నేల మీద కూలబడ్డాడు.

మా తోటలో ఒక బండరాయి ఎక్కితేనే ఫోనుకి సిగ్నల్ వస్తుంది. పడుతూ లేస్తూ ఎక్కి, ఆసుపత్రి నర్సమ్మకి ఫోన్ చేశాను. పిల్లల టీకాలకి వచ్చే ఆవిడే, నన్ను ఎరుగును. నేను ఏడుస్తూ చెప్పింది విని, ఆవిడ ఒక్కో మాటా నిదానంగా చెప్పింది.

"ముందు ఏడుపాపి విను. నడుం వంగకూడదు. ఏమాత్రం వంగకూడదు. డోలీలో మాత్రం తేవద్దు. గట్టి చెక్క మీద పడుకోబెట్టి, కదలకుండా కట్టండి. కాలి వేళ్ళు గిల్లి చూడు, తెలుస్తోందా అని అడుగు. దారంతా అడుగుతూనే ఉండు. తెలుస్తున్నంతసేపూ కాళ్ళు దక్కుతాయని ఆశ. తారు రోడ్డు దగ్గరికి అంబులెన్స్ పంపిస్తాను, బేగి తీసుకురండి."

దిగి వచ్చి బావ కాళ్ళ దగ్గర కూర్చుని రెండు బొటనవేళ్ళూ గిల్లాను.

"ఏటే, పగ తీర్చుకుంతన్నావా?" అన్నాడు. అంత నొప్పిలోనూ అన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తెలుస్తోంది. రెండు కాళ్ళూ తెలుస్తున్నాయి. దేవుళ్ళందరికీ ఒకేసారి దండం పెట్టాను.

ఇంట్లో ఒక పట్టె మంచం ఉంది, పాడేరులో కొన్నది, దాన్ని తోటకి తెప్పించాను. నవారు మంచం కాబట్టి మధ్యలో కుంగుతుంది. అందుకని కాఫీ గింజలు దాచే గది తలుపు ఊడదీయించి మంచం మీద వేయించాను. ఎంతమంది చేతులు పెట్టారో గుర్తు లేదు, తలా వైపూ కాళ్ళ వైపూ ఒక్కసారి ఎత్తి, ఒక్కసారి దించారు. నా చీరలు చింపి ఛాతీకీ తొడలకీ తలుపుకీ కలిపి కట్టేశాను. మంచం పక్కలకి రెండు పొడుగాటి వెదుళ్ళు కట్టి నలుగురు భుజాలకెత్తుకున్నారు. దిగువకి నడక. కాఫీ మొక్కల మధ్యన బురద దారి, పైన మళ్ళీ చినుకులు. నేను కాళ్ళ పక్కనే పరిగెడుతూ గిల్లుతున్నాను, "తెలుస్తన్నాదా?" అంటున్నాను. "తెలుస్తన్నాది, సంపకే" అంటున్నాడు. ఆ మాట వింటేనే నాకు ఊపిరి ఆడేది.

గెడ్డ దగ్గరికి వచ్చాం. పై కొండల్లో ఎంత కురిసిందో, ఎర్రటి నీళ్ళు పలకలకి మూరెడు దిగువన పోతున్నాయి. అవతలి ఒడ్డున జీపు ఆగి ఉంది. చలికాలంలో లంబసింగి చూడ్డానికి వచ్చే టూరిస్టుల్ని తిప్పే జీపు అది, వానాకాలం మా సంతలకి తిరుగుతుంది. డ్రైవరూ అందులో వచ్చినవాళ్ళూ దిగి నిలబడి చూస్తున్నారు.

నలుగురు మనుషులూ, మంచం, తలుపు, దాని మీద బావ. అంత బరువు ఆ పలకల మీద ఎప్పుడూ పెట్టలేదు. మోసేవాళ్ళు మంచం భుజాల మీంచి దించి చేతుల్లోకి తీసుకున్నారు. మావ ముందు నిలబడి, వాళ్ళ వైపు తిరిగి, వెనక్కి వెనక్కి నడుస్తూ దారి చెబుతున్నాడు. "ఊగితే ఊగనీండి. బయపడకండి. ఊగేది ఇరగదు" అంటున్నాడు.

మూడో వంతు దూరం బాగానే వెళ్ళారు. ఆ తర్వాత పలకలు దిగడం మొదలైంది. దిగడమంటే అలాంటిలాంటి దిగడం కాదు. అవి మూడూ ఒకదానికొకటి కట్టి లేవు, దేనికదే. ఎడమ వైపు మోస్తున్న ఇద్దరూ కాస్త బరువైన మనుషులు. వాళ్ళ కింది పలక ఎక్కువ వంగింది, కుడి వైపుది తక్కువ. మంచం పక్కకి ఒరిగింది. వంగిన పలకని నీళ్ళు అందుకుని లాగాయి. ముందు నడిచేవాడి కాలు జారింది. పటుక్కున ఏదో చిట్లిన చప్పుడు. మంచం మోకాలి ఎత్తు నుంచి ధన్‌మని పలక మీద పడింది. బావ అరిచాడు. ఆ అరుపు నా చెవుల్లో ఇంకా ఉంది.

ఎలా వెనక్కి వచ్చారో వాళ్ళకే తెలియదు. ఈడ్చుకుంటూ, మోకాళ్ళ మీద పాకుతూ మంచాన్ని ఒడ్డుకి చేర్చారు. నేను అతని కాళ్ళ మీద పడ్డాను. ఎడమ బొటనవేలు గిల్లాను. "ఊఁ" అన్నాడు. కుడిది గిల్లాను. ఏమీ అనలేదు.

"బావా, తెలుస్తన్నాదా?"

"గిల్లినావా?" అన్నాడు.

మళ్ళీ గిల్లాను, పాదం గిల్లాను, పిక్క గిల్లాను. కుడి కాలు అతనిది కానట్టు పడి ఉంది. ఒక కాలు పోయింది. ఇంకోటి ఉంది. ఆ ఒక్కటైనా దక్కించుకోవాలి, ఎలా?

మావ లేచాడు. "డోలీ కట్టండర్రా" అన్నాడు. "దుప్పటీ తెండి. ఒక్క వెదురు, ఇద్దరు మనుసులు సాలు. పలకలు తట్టుకుంతాయి. బేగి దాటించేత్తారు."

"డోలీ వద్దు మావా. నడుం వొంగకూడదని నర్సమ్మ సెప్పినాది."

"ఆ నర్సమ్మ ఇక్కడుందేటి? నీళ్ళు పెరుగుతన్నాయి, కళ్ళు కనపడతన్నాయా నీకు? ఇంకాసేపుంటే పలకలూ ఉండవు, నా కొడుకూ ఉండడు!"

"డోలీలో నీ కొడుకుని మూట కట్టినట్టు కడతావా? సగం ఇరిగిన నడుం మిగతా సగం ఇరగడానికా? నా పీనుగ మీంచి కట్టు డోలీ!"

నేను ఆయన్ని ఎప్పుడూ అలా అనలేదు. ఆయన చెయ్యి లేచింది, కొట్టలేక ఆగింది. "మరేటి సెయ్యమంటావే గుంటా? నువ్వే సెప్పు. నాకేటీ తోసడం నేదు" అని ఆ చెయ్యి తన నెత్తి మీదే కొట్టుకున్నాడు. ఆ పెద్దాయన అలా ఏడుస్తుంటే చూడలేకపోయాను. నేను మంచం కోడు పట్టుకుని కూర్చుండిపోయాను.

కళ్ళెదురుగా మంచం పక్కన పొడుగునా ఉండే పట్టె ఉంది. నా చూపు దాని మీదే ఉండిపోయింది. వెడల్పు వైపు నిలువుగా, మందం వైపు పైకీ కిందకీ. పలకని అంచు మీద నిలబెట్టినట్టు ఉంది. బావ బరువూ, తలుపు బరువూ, ఇంత దారి, ఇన్ని కుదుపులు, అంతెత్తు నుంచి పడడం. పట్టె రవ్వంత కూడా వంగలేదు. బెత్తెడు వెడల్పు కూడా లేని కర్ర అది. ఇన్నేళ్ళుగా దాని మీదే పడుకుంటున్నాం, మంచం చేసినవాడు దాన్ని ఎందుకు నిలబెట్టాడని ఒక్కరోజు అడిగిన పాపాన పోలేదు.

"పలకలు నిలబెట్టండి!" అని అరిచాను. ఎవరికీ అర్థం కాలేదు. నాకు పిచ్చెక్కిందనుకున్నారు. పక్కన పడి ఉన్న కత్తి తీసుకుని, బావ మంచం పట్టె మీద కొట్టి చూపించాను. "ఇది సూడండి. ఇది పడుకునుందా, నిలబడుందా? అదీ ఇలాగే పెట్టండి. అంచు మీద!"

మావ పట్టె వంక చూశాడు, పలకల వంక చూశాడు. ఆయన అడిగినది ఒక్కటే ప్రశ్న. "నిలబెడితే ఊగదు గదే. ఊగని కర్ర ఇరిగిపోదా?"

"ఊగింది గదా, ఏటయినాది?" అన్నాను. ఆయన గునపం అందుకున్నాడు.

ఆసుపత్రి వరండాలో పడిగాపులు పడ్డ రోజుల్లో, ఫోన్‌లో ఈ సంగతులన్నీ వెతికి చదివాను. అదే కర్ర, అదే బరువు. దాని వెడల్పు రెట్టింపు చేస్తే వంపు సగమే తగ్గుతుందట, ఎత్తు రెట్టింపు చేస్తే ఎనిమిదో వంతుకి పడిపోతుందట. కర్ర వంగేటప్పుడు దాని పై అంచు నొక్కుకుంటుంది, కింది అంచు సాగుతుంది, మధ్యలో ఉన్నదానికి పెద్ద పని ఉండదు. ఆ రెండు అంచులూ ఎంత దూరంగా ఉంటే కర్రకి అంత బలం. రైలు పట్టా ఆ ఆకారంలో ఎందుకుంటుందో, వెదురు లోపల డొల్లగా ఉండి కూడా ఎందుకు గట్టిగా ఉంటుందో అంతా అందులోనే ఉంది. మేం పుట్టి పెరిగింది వెదురు మధ్యన. చదువుతూ చదువుతూ ఫోన్ విసిరేయాలనిపించింది. ఇంత చిన్న విషయం! గోడకి తల కొట్టుకోవాలనిపించింది.

గెడ్డ మీద ఆ పని మాత్రం చిన్నది కాలేదు. పలకని అంచు మీద నిలబెడితే నిలబడదు, పక్కకి పడిపోతుంది. అది పడకుండా ఒడ్డున రెండు వైపులా కర్ర మేకులు దిగ్గొట్టాలి. అవతలి ఒడ్డున జీపు డ్రైవరూ వాళ్ళూ, ఇవతల మా వాళ్ళూ. నీళ్ళ హోరులో ఒకరి మాట ఒకరికి వినిపించదు, చేతులు ఊపుకోవడమే. చిట్లిన పలకని లాగి అవతల పారేశారు. మిగిలినవి రెండే. ఒక్కోదాన్నీ గునపాలతో లేపి, నిలబెట్టి, తాళ్ళతో లాగిపట్టి, మేకులు దింపారు. రెండింటినీ కలుపుతూ అడ్డంగా వెదురు ముక్కలు కట్టారు. పైన నడవడానికి ఎవరి పశువుల శాల తడికో పీక్కొచ్చి పరిచి కట్టేశారు. మావ చేతులు రాళ్ళకి కొట్టుకుని చెక్కుకుపోయాయి, ఆయన చూసుకోలేదు. వాన పెద్దదైంది. మధ్యాహ్నం తిరిగిపోయింది. తారు రోడ్డు దగ్గర అంబులెన్స్ ఉందో, వెళ్ళిపోయిందో తెలియదు.

నేను బావ మీద గొడుగు పట్టి, రెండో చేత్తో ఎడమ వేలు గిల్లుతూనే ఉన్నాను. మొదట్లో "ఊఁ" అనేవాడు. తర్వాత "కొంచెం" అన్నాడు. ఆ తర్వాత నేను గిల్లిన చాలాసేపటికి "అనుకుంటాను" అన్నాడు.

"అనుకోడమేటి? తెలుస్తన్నాదా నేదా?"

"సీమ పాకినట్టున్నాది."

"సీమేనా? గట్టిగా గిల్లినాను."

"సీమే. పెద్ద సీమ." నవ్వబోయాడు. "ఒలే, కుడికాలు పోయినట్టేనా?"

"పోనేదు. ఎక్కడికి పోతాది? భయపడి ముడుసుకున్నాది, అంతే. ఆసుపత్రికి పోతే వచ్చేత్తాది" అన్నాను. నా అబద్ధం నాకే రుచించలేదు. ఇంకా ఎంతసేపని పని చేసేవాళ్ళ మీద విరుచుకుపడ్డాను. వాళ్ళంతా పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళయినా తాగకుండా నా మొగుడి కోసమే ఒళ్ళు హూనం చేసుకుంటున్నారని తెలుసు. తెలిసీ తిట్టాను. వాళ్ళు తలెత్తకుండా తాళ్ళు బిగిస్తూనే ఉన్నారు.

"రండి" అన్నాడు మావ.

ఈసారి ఆయన ముందుగా ఒక్కడే వెళ్ళి మధ్యలో నిలబడి, కాళ్ళతో గట్టిగా తొక్కి చూశాడు. కిందికి దిగలేదు. ఆయన ముఖంలో ఏదో భయం కనిపించింది, కదలని దాని మీద నిలబడటం కొత్తలా ఉంది. తిరిగి వచ్చి, మంచం తల వైపు చెయ్యి వేశాడు. నలుగురూ ఎత్తారు. నేను వెనకాలే తడిక మీద అడుగు పెట్టాను. కింద నీళ్ళు పలకల అడుగు అంచుని నాకుతున్నాయి, పలకలు మాత్రం నేల మీద పరిచినట్టున్నాయి. మూడు పలకలు పడుకుని మొయ్యలేని బరువుని రెండు నిలబడి మోశాయి. మధ్యకి వెళ్ళాక కూడా మంచం ఒరగలేదు, కుదపలేదు. బావ ముఖం మీద ఒక్క ముడత పడలేదు. దేవుడా, ఇదే పొద్దున్న చేసి ఉంటే అనుకుంటూ దాటాను. అంత కడుపుమంటలోనూ ప్రాణం కుదుటపడింది, ఇంక ఆ ఎడమకాలు నాదే అనుకున్నాను.

అవతలి ఒడ్డున మంచం దించారు. మోసినవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ కూలబడిపోయారు. ఒకతను వెనక్కి తిరిగి పలకల్ని చూసి, "ఎంటుక మందం వొంగనేదు గదరా" అన్నాడు. డ్రైవరు జీపు వెనక తలుపు తీసి, సీట్లు మడిచి చోటు చేస్తున్నాడు. మావ బావ తల దగ్గర కూర్చుని, చెక్కుకుపోయిన చేతులతో అతని ముఖం మీది వాన నీళ్ళు తుడుస్తూ, "అయిపోనాదిరా, దాటేసినాం, అయిపోనాది" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నాడు.

నేను కాళ్ళ దగ్గర కూర్చుని ఎడమ బొటనవేలు పట్టుకున్నాను. గిల్లాను. బావ నా వైపే చూస్తున్నాడు. నొప్పి తగ్గినట్టు ముఖం తేటగా ఉంది. ఏమీ అనలేదు. నేను ఇంకా గట్టిగా, పళ్ళు బిగించి, గోళ్ళు దిగేలా గిల్లాను. కళ్ళు ఆర్పకుండా నా ముఖంలోకే చూస్తున్నాడు, దేనికోసమో కనిపెట్టుకుని ఉన్నట్టు.

"దాటేసినాం గదేటే" అన్నాడు. "ఇంకేటి ఆలీసం? గిల్లు మరి."

నా గోళ్ళ కింద అతని వేలి నుంచి అప్పటికే నెత్తురు కారుతోంది.